గోడ ఎక్కిన బావి

మహాదేవమ్మ దొడ్డి గోడను తలకిందులుగా చదివిన సైన్స్ టీచర్ని నేనే. ఇంకొకరు చెబితే ఉప్పూ కారం చేర్చి చెబుతారు, అందుకే నేనే చెబుతున్నాను. నా పేరు మనోరమ. 1979లో బదిలీ మీద జహీరాబాద్ బడికి వచ్చి, న్యాల్‌కల్ దారిలో ఊరు అయిపోయే చోట ఒక గది అద్దెకు తీసుకున్నాను. కిటికీ తెరిస్తే ఎదురుగా మహాదేవమ్మ చేను, చేను మధ్యలో బావి, బావి పక్కన పశువుల దొడ్డి, దొడ్డికి ఆ గోడ.

ఆమె పుట్టిల్లు బీదర్ వైపు. పదహారేళ్లకు చెన్నబసప్ప భార్యగా ఇక్కడికి వచ్చింది. డెబ్బై రెండు కరువులో చెన్నబసప్ప జ్వరంతో పోయాడు. పిల్లలు లేరు. పట్టుమని నెల తిరక్కముందే మరిది రేవణసిద్ధప్ప పంపకాలు పెట్టించాడు. వాగు పక్కన నల్లరేగడి తను ఉంచుకుని, వదినెకు మిట్ట మీది మూడెకరాలు ఇచ్చాడు. ఆ మిట్టంతా ఎర్ర రాయి. తేనెపట్టులా చిల్లులు చిల్లులుగా ఉంటుంది. అక్కడ గడ్డి కూడా మొలవాలా వద్దా అని ఆలోచిస్తుంది.

"వదినె ఒక్కతి. ఆమెకు బుక్కెడు జొన్నలైతె సాలు" అన్నాడట పెద్దమనుషుల ముందు.

"బుక్కెడో బస్తెడో నేను సూసుకుంట. నువ్వు హద్దులు సక్కగ రాయించు" అందట ఆమె.

ఈ మాట నాకు ఊళ్లో నలుగురు నాలుగు సార్లు చెప్పారు. చెప్పిన ప్రతివాళ్లూ ఆమె గొంతు పెట్టి చెప్పారు. ఆమె గొంతు అలాంటిది మరి. నెమ్మదిగా మాట్లాడటం ఆమెకు చేతకాదు. పక్కనున్న మనిషితో మాట్లాడినా వాగు అవతలి మనిషితో మాట్లాడినట్టే ఉంటుంది.

మరుసటి ఎండాకాలం ఆ ఎర్ర మిట్ట మీద బావి మొదలుపెట్టింది. అందరూ నవ్వారు. రాయి పేల్చడంలో చేయి తిరిగిన ఒడ్డె వీరన్న, అతని ఇద్దరు మనుషులు కింద తవ్వేవారు. మహాదేవమ్మ గంపలు మోసేది. ఎండాకాలం తవ్వడం, వానలు పడగానే ఆపడం. అలా ఐదు ఎండాకాలాలు. పన్నెండో గజంలో నీళ్లు పడ్డాయి. నవ్విన వాళ్లు ఆ రోజు వరసగా వచ్చి తొంగి చూసి, నోరు మూసుకుని ఇళ్లకు పోయారు.

ఇక గోడ సంగతి. బావిలోంచి తీసిన రాయిని ఎవరైనా గట్టు చుట్టూ కుప్ప పోస్తారు. ఈమె అలా చేయలేదు.

"మా అవ్వగారింట్ల బాయి తవ్వితే గజానికొక వరుస గోడ లేపుతరు" అని నాకు చెప్పింది. "బాయి ఎంత దిగితె గోడ అంత లేస్తది. గోడను సూస్తె బాయి యాడికొచ్చిందో దారిన పోయెటోనికి గూడ ఎరుకైతది."

గోడలో పన్నెండు వరుసలున్నాయి. అడుగున నాలుగు ఎర్రవి. వాటి మీద ఐదు నల్లవి. ఆ పైన బూడిద కలిసిన తెల్లటి వరుస ఒకటి. అన్నిటికన్నా మీద మళ్లీ రెండు నల్లవి. ఆ తెల్ల వరుస దగ్గరికి వెళ్లి చూసిన రోజు నాకు కేక ఒక్కటే తక్కువ. రాయి నిండా నత్తలు. బొటనవేలి గోరంత నత్తలు, సుడి తిరిగిన గుల్లలతో సహా, ఒకదాని మీద ఒకటి ఇరుక్కుని ఉన్నాయి. శిలాజాలు అని ఎన్ని సార్లు బోర్డు మీద రాసి ఉంటానో! చేత్తో ముట్టుకోవడం అదే మొదలు.

"అక్కా, ఇవి ఎక్కడివి?"

"బాయిలయే. తొమ్మిది గజాలు దిగినంక, నల్లరాయి అడుగున ఉండె. వీరన్న భయపడ్డడు, పాతాళం దగ్గరికొచ్చినం, ఇడిసిపెడదాం అన్నడు. పాతాళంల నీళ్లున్నయేమో సూడు, లేకుంటె ఇంకా తవ్వు అన్న."

వీరన్న బతికి ఉంటే ఈ కథ ఇంత దూరం వచ్చేది కాదు. బావి అయిపోయిన మరుసటి ఏడే అతను పోయాడు, అతని ఇద్దరు మనుషులు పని వెతుక్కుంటూ ఊరు విడిచారు.

1981లో మహాదేవమ్మ మోటరు పెట్టించింది. అరెకరం అల్లం వేసింది. అదే ఏడు వాగు ఎండి, కింద రేవణసిద్ధప్ప చెరుకు వాడిపోసాగింది. వదినె దగ్గరికి వచ్చి జర నీళ్లు ఇడువు అంటే అయిపోయే పని. అడగడానికి నోరు రాలేదు. తిన్నగా చావడికి పోయి, పెద్దమనిషి ఇంద్రసేన పటేల్ ముందు తగువు పెట్టాడు.

"నత్తలు యాడ ఉంటయి పటేలా? నీళ్లల్ల ఉంటయి. ఆ బాయిల నత్తలెల్లినయంటే ఏంది? అక్కడ ముందుగాల్నే బాయి ఉండె. మా తాత తవ్విన బాయి. పూడిపోయింది. వదినె పూడిక దీసింది, గంతే. పంపకాల కాయిదంల బాయి ముచ్చటే లేదు. పంచుకోనిది ఇద్దరిదైతది. సగం నీళ్లు నాయి."

వినడానికి ఎంత సొంపుగా ఉందో చూడండి! తాత తవ్వినట్టు చూసినవాడు లేడు, విన్నవాడు లేడు. కానీ నత్తలు గోడలో ఉన్నాయి. నత్త నీళ్లలో బతుకుతుందన్నది ఎవరూ కాదనలేరు. పెద్దమనుషులు తల గోక్కున్నారు.

మహాదేవమ్మ లేచి నిలబడి అరచేతులు చాపింది. "ఐదు ఎండకాలాలు నేను దీసింది పూడికనా? పూడిక దీస్తె చేతులు గిట్లయితయా? ఈ బాయిల మీ తాత చెమట సుక్క లేదు. ఉన్నదంటె నా ముంగట నిరూపించు. లేదని నేను నిరూపిస్త."

అప్పుడు నేను మధ్యలో దూరాను. నా అన్నయ్యతో చదువుకున్న అమర్నాథ్ హైదరాబాద్‌లో రాళ్లను పరీక్షించే పనిలో ఉన్నాడు. ఆయనకు రాస్తానని, రాయి వయసు ఆయనే చెబుతాడని గొప్పగా ప్రకటించాను. నత్తల రాళ్లు రెండు గుడ్డలో చుట్టాను. వాటితో పాటు బొమ్మ కూడా పంపాలి కదా? దొడ్డి గోడ ముందు స్టూలు వేసుకుని కూర్చుని, స్కేలు పెట్టి, రంగు పెన్సిళ్లతో గీశాను. బావి పొరలు అని శీర్షిక పెట్టాను. పైనుంచి కిందికి నల్లరాయి రెండు గజాలు, నత్తల రాయి ఒకటి, నల్లరాయి ఐదు, ఎర్రరాయి నాలుగు. పొరల్లో కిందిది పాతది, మీదిది కొత్తది అని ఏడేళ్లుగా పాఠం చెబుతున్న దాన్ని. బొమ్మ ఎంత బాగా వచ్చిందో అని రెండు సార్లు చూసి మురిసిపోయాను కూడా.

మూడు వారాలకు జవాబు వచ్చింది. కవరు విప్పకుండా చావడికి తీసుకుపోయాను. అందరి ముందు విప్పి చదవాలని సరదా. చదివాను. "మీరు గీసిన ప్రకారం ఈ నత్తల పొర నేలకు మూడు గజాల లోపే ఉంది. అంత పైన ఉంటే ఇది పాతదని చెప్పలేను. ఈ మధ్య కాలంలో పూడిపోయిన ఏదైనా నీటి గుంట తాలూకు కావచ్చు. అయితే ఎర్రరాయి నల్లరాయి కింద ఉండటం నాకు వింతగా ఉంది. ఒకసారి చూడాలి."

చివరి రెండు వాక్యాలు ఎవరి చెవికీ ఎక్కలేదు.

"టీచరమ్మా, ఆ నీటి గుంట ముక్క మల్లొక్కసారి సదువుండ్రి" అన్నాడు రేవణసిద్ధప్ప, ఎంతో మర్యాదగా.

మహాదేవమ్మ వైపు చూడలేకపోయాను. ఆమె వచ్చి నా చేతిలోంచి బొమ్మ లాక్కుంది. ఆమెకు అక్షరాలు రావు, రంగులు వచ్చు.

"గిదేంది టీచరమ్మా?"

"నీ బావి అక్కా."

"గిది నా గోడ. నా బాయి గాదు. నువ్వు ఇప్పుడు నిలవడ్డ నేల ఏం రంగున్నది?"

కాళ్ల కింద చూసుకున్నాను. "ఎర్రగా ఉంది."

"మరి నీ బొమ్మల ఎర్రది పోయి అడుగున ఎందుకు గూసున్నది?" అని కాగితాన్ని తలకిందులు చేసి నా ముఖం ముందు పట్టింది. "గోడ కింది కెల్లి మీదికి లేసింది. బాయి మీది కెల్లి కిందికి దిగింది. మొదలు దీసిన రాయి గోడకు అడుగున పడ్డది. నీ కాయిదం తలకిందులున్నది."

నాకు ఏడుపొచ్చింది. తప్పు నాదని అక్కడే ఒప్పుకున్నాను. లాభం లేదు. రేవణసిద్ధప్ప అందుకున్నాడు. "సూసిన్రా పటేలా, సైన్సు చెప్పె టీచరు గీసింది తప్పట. సంతకం రాని వదినె చెప్పింది ఒప్పట. ఇగ ఇప్పుడు మాట మారుస్తున్నరు."

ఇంద్రసేన పటేల్ చాలాసేపు మీసం సవరించుకున్నాడు. ఆయన చెడ్డవాడు కాదు, నిదానస్తుడు. "గోడను ఎట్లనన్న గట్టొచ్చు మాదేవమ్మా. గోడ సాక్ష్యం నడవది. బాయిల ఉన్నది సూడాలె. కని బాయిల నాలుగు గజాల నీళ్లున్నయి."

"ఎండవెడత" అంది మహాదేవమ్మ.

అది మే నెల. అల్లం పెట్టి నెల దాటింది, అప్పుడప్పుడే మొలకలు నేల చీల్చుకుంటున్నాయి. మే నెలలో బావి ఎండబెడితే మళ్లీ ఎప్పుడు ఊరుతుందో ఎవరికీ తెలియదు. చావడిలో ఉన్న ప్రతి రైతుకూ ఆ సంగతి తెలుసు. రేవణసిద్ధప్పకూ తెలుసు, తల దించుకున్నాడు.

"అక్కా, అల్లం పోతుంది" అన్నాను.

"పోనీ. అల్లం మల్ల పెట్టుకుంట. బాయి మల్ల తవ్వలేను."

అమర్నాథ్‌కు తంతి కొట్టాను. సన్నటి మనిషి, ఎండకు కమిలిన ముఖం, సంచిలో సుత్తి. బస్సు దిగి వస్తూనే నేలను చూశాడు, గోడను చూశాడు, నన్ను చూసి నవ్వాడు. "మనోరమగారూ, నల్లరాయే వేల వేల ఏళ్లు ఎండకూ వానకూ కుళ్లి మీద ఎర్రరాయిగా మారుతుంది. అది అడుగుకు ఎలా పోతుందండీ? మీ బొమ్మ చూసి నాకు రెండు రోజులు నిద్ర పట్టలేదు."

మూడు రోజులు మోటరు నడిచింది. మొదటి రోజు అల్లం తాగగలిగినంత తాగింది. తర్వాత నీళ్లు ఎటు పోవాలి? నేల వాలు ఎటుంటే అటే. కాలువ తెంపుకుని వాగు పక్కకు, రేవణసిద్ధప్ప చెరుకులోకి పారాయి. రెండు రోజులు ఆయన చెరుకు హాయిగా తడిసింది. గట్టు మీద నిలబడి మహాదేవమ్మ చూస్తూనే ఉంది, కాలువకు అడ్డం వేయలేదు.

మూడో రోజు అడుగు బురద గంపలతో ఎత్తి పోశారు. మహాదేవమ్మ చీర చెంగు నడుముకు బిగించి, బావి గోడకు చెక్కిన మెట్ల మీద అందరికన్నా ముందు దిగింది. వెనక అమర్నాథ్, ఆ వెనక నేను. ఇంద్రసేన పటేల్ మోకాళ్ల నొప్పని గట్టు మీదే ఉన్నాడు. రేవణసిద్ధప్ప దిగాడు. దిగకుండా ఉండొచ్చు, అయినా దిగాడు. ఆ మాట కూడా చెప్పాలి.

కింద చల్లగా ఉంది. ఎర్రరాయి ఎక్కడో తలల మీద ఉండిపోయింది. దాని కింద ఐదు గజాల నల్లరాయి. ఆ నల్లరాయి అడుగున, బావి నాలుగు వైపులా, నడుముకు కట్టిన పట్టీలా ఒకటే తెల్ల చార. తడి తుడిచి చూస్తే నత్తలు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎవరూ చూడకుండా ముఖం కడుక్కున్నట్టు నటించాను.

అమర్నాథ్ నల్లరాయిని సుత్తితో కొట్టాడు. ఖంగున మోగింది. "సిద్ధప్పగారూ, మీ తాతగారు ఇక్కడ బావి తవ్వారనుకుందాం. అది పూడిపోయిందనుకుందాం. మరి ఆ పూడిక మీద ఐదు గజాల రాయి ఎవరు పరిచారు? అతుకు వెతకండి. నాలుగు వైపులా వెతకండి."

రేవణసిద్ధప్ప నిజంగానే వెతికాడు. వేళ్లతో తడుముతూ బావి చుట్టూ తిరిగాడు. అతుకు లేదు. "అయితె నీళ్లు లేకుండెనా ఇక్కడ? నత్తలెట్లొచ్చినయి మరి?"

"నీళ్లుండేవి. ఆ మాట మీరు సరిగ్గానే అన్నారు. ఇక్కడ చెరువుండేది." రేవణసిద్ధప్ప ముఖం వెలిగింది. అమర్నాథ్ తన ధోరణిలో చెప్పుకుపోయాడు. "ముందు నేల పగిలి కరిగిన రాయి పారింది. అది ఆరి మన కాళ్ల కింది నల్లరాయి అయింది. దాని మీద పల్లంలో నీళ్లు నిలిచాయి, నత్తలు పుట్టాయి, చచ్చాయి, మెత్తటి ఒండ్రులో కూరుకుపోయాయి. గాలి తగిలితే గుల్లలు పొడైపోయేవి. తగల్లేదు. లోపలి మెత్తటి ఒళ్లు కుళ్లిపోయింది, ఆ ఖాళీలో ఒండ్రు నిండింది. రాయి కరిగిన నీళ్లు కొంచెం కొంచెంగా ఇంకి ఆ ఒండ్రునూ గుల్లనూ గట్టి రాయి చేశాయి."

"బెల్లం అచ్చుల పోసినట్టు" అంది మహాదేవమ్మ. "అచ్చు పోయినా ముద్ద ఉంటది."

"అంతే అమ్మా. తర్వాత మళ్లీ నేల పగిలింది. మళ్లీ కరిగిన రాయి పారి ఆ చెరువును మూసేసింది. అదే మీద ఉన్న ఐదు గజాలు."

"ఎప్పుడు?" ఈసారి అడిగింది రేవణసిద్ధప్ప.

"నత్తకు వయసు చెప్పే లెక్క దాని దగ్గర లేదు. నల్లరాయి దగ్గర ఉంది." అమర్నాథ్ ఒక పెచ్చు కొట్టి అరచేతిలో పెట్టుకున్నాడు. "ఇందులో పొటాషియం అనే పదార్థం ఉంది. అందులో రవ్వంత భాగం తనంతట తాను ఆర్గాన్ అనే గాలిగా మారుతూ ఉంటుంది. ఎండకు తొందరపడదు, చలికి ఆగదు, ఎప్పుడూ ఒకే నడక. రాయి కరిగి పారేటప్పుడు ఆ గాలి ఎగిరిపోతుంది. గడ్డకట్టిన రోజు నుంచి లోపలే చిక్కుకుంటుంది. ఎంత పొటాషియం ఉంది, ఎంత గాలి చేరింది అని కొలిస్తే, రాయి ఎన్నాళ్ల కింద గడ్డకట్టిందో తెలుస్తుంది. నత్తల కింది రాయినీ మీది రాయినీ కొలుస్తాను. నత్తలు ఆ రెంటి నడిమివి."

"పుచ్చిన రాయి తీస్కపోకు బిడ్డా" అంది మహాదేవమ్మ. "గాలి అంటున్నవ్ గద, చిల్లుంటె కారిపోదా?"

అమర్నాథ్ ఆమె వైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది. చదువుకున్న నాకు ఆ ప్రశ్న తట్టలేదు. "అందుకే లోపలి రాయి, కొత్తగా పగలగొట్టింది తీసుకుంటానమ్మా. పుచ్చిన రాయి అయితే వయసు తక్కువ చూపిస్తుంది."

ఆయన రాళ్లు మూట కట్టుకుని పోయాడు. మహాదేవమ్మ మాత్రం పైకి రాలేదు. ఎలాగూ ఎండబెట్టిన బావి, ఊరికే చూస్తూ కూర్చోవడం ఎందుకని ఇద్దరు మనుషుల్ని పెట్టి పదమూడో గజం తవ్వించింది. పదమూడో వరుస గోడ మీదికి ఎక్కింది. అల్లం ఎండిపోయింది. మొలకలు ఒక్కొక్కటే పసుపు రంగుకు తిరిగి వాలిపోతుంటే, పొద్దున్నే చేను చుట్టూ తిరిగి వచ్చి ఎవరితోనూ మాట్లాడేది కాదు. ఆమె నిశ్శబ్దంగా ఉండగా నేను చూసింది ఆ పది రోజులే.

మరుసటి ఫిబ్రవరిలో ఉత్తరం వచ్చింది. ఈసారి ఇంట్లోనే విప్పి, మూడు సార్లు చదివి, అప్పుడు చావడికి పోయాను. నత్తల మీది నల్లరాయి వయసు ఆరు కోట్ల పది లక్షల ఏళ్లు. కిందిది ఆరు కోట్ల ముప్పై లక్షలు. లెక్కలో ముప్పై లక్షల ఏళ్లు అటో ఇటో ఉండొచ్చని కింద రాశాడు. ఆ వాక్యం దాచేసి చదవాలని నాకు బుద్ధి పుట్టింది. మహాదేవమ్మ నా పక్కనే కూర్చుని ఉంది. దాచకుండా చదివాను.

రేవణసిద్ధప్ప పడీ పడీ నవ్వాడు. "ముప్పై లక్షల ఏండ్లు అటో ఇటోనట! గిదొక లెక్కనా పటేలా? సంతల కూరగాయలు అమ్మెటోడు గూడ గింత తప్పు తూచడు."

మహాదేవమ్మ లేచింది. "సరె. నీ మాటే ఉండనీ సిద్ధప్పా. ముప్పై లక్షలు అటు, ముప్పై లక్షలు ఇటు. ఆ సందుల మీ తాతను యాడ నిలవెడతవో పెట్టు. సూస్త."

ముందు ఇంద్రసేన పటేల్ నవ్వాడు. తర్వాత చావడంతా నవ్వింది. నవ్వు ఆగాక పటేల్ ఒకే మాట అన్నాడు. "చెరువు భూదేవిది. బాయి మాదేవమ్మది. ఇగ లేవుండ్రి."

నేనైతే అక్కడితో అయిపోయిందనుకున్నాను. కాలేదు. ఏప్రిల్‌లో ఒక పొద్దున నేను దొడ్డి దగ్గర పాల కోసం నిలబడి ఉంటే రేవణసిద్ధప్ప వచ్చాడు. గోడ దగ్గర ఆగి, నత్తల వరుస మీద చెయ్యి పెట్టి కాసేపు నిలబడ్డాడు. కింద ఆయన చెరుకు మళ్లీ ఎండుతోంది.

"వదినె" అన్నాడు. "బాయి నీళ్లు జర నా చెరుకుకు ఇడుస్తవా?"

మహాదేవమ్మ పాలు పితకడం ఆపలేదు. "ఎవరి బాయి?"

గోడ మీంచి చెయ్యి తీశాడు. నేనున్నానని ఒకసారి నా వైపు చూశాడు. నేను కదల్లేదు, కదలదలచుకోలేదు.

"నీ బాయి వదినె. నువ్వు తవ్విన బాయి."

ఆమె లేచి, చేతులు కొంగుకు తుడుచుకుని, పోయి మోటరు వేసింది.